బుడ్డలు ఎవరివి? ఓటు ఎవరిది?

పల్లీ చిక్కీ ప్యాకెట్ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పండి. బరువు, ధర, తయారైన తేదీ, పచ్చచుక్క, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, కొవ్వెంత, చక్కెరెంత. అగ్గిపెట్టెంత జాగాలో ఇన్ని అచ్చేశారు. అడుగున ఇంకో ముక్క కూడా ఉంటుంది, ఇందులో వేరుశనగ ఉంది, పడనివాళ్లు గమనించాలి అని. పల్లీ చిక్కీలో పల్లీలున్నాయని చెప్పి తీరాలంటుంది చట్టం. మంచిదే, ఆ ఎలర్జీ ప్రాణం మీదికి తెచ్చే రకం. కానీ ఆ పల్లీలు ఏ జిల్లా చేలో పండాయో చెప్పమని మాత్రం ఆ చట్టం ఎక్కడా అడగదు. అడగదు కాబట్టి ఎవరూ చెప్పరు. చిరునామా ఒకటి ఉంటుంది గానీ అది ప్యాకెట్ కట్టినవాడిది.

ఇప్పుడు పోలింగ్ రోజు టీవీ గుర్తు చేసుకోండి. అనంతపురం వైపు ఏదో ఊరి బడి ముందు ఆడవాళ్ల వరస. కెమెరా ఆ వరస మీదుగా నడిచి, వేలి మీది సిరా చుక్క దగ్గర ఆగుతుంది. కింద స్క్రోలింగ్: మహిళా ఓటు ఎటు? స్టూడియోలో నలుగురు కూర్చుని ఉంటారు. ఒకరు పసుపు-కుంకుమ అంటారు, ఒకరు అమ్మఒడి అంటారు, ఇంకొకరు ఉచిత బస్సు అంటారు. ఈ ఓటును ఏ పథకం కట్టి పంపిందన్నదే చర్చంతా. అది ఏ ఇంటి లెక్కలోంచి, ఏ ఎండిన బోరు పక్కనుంచి వచ్చిందన్నది చర్చకే రాదు.

ఈ రెండు చీటీలూ అతికేది ఒకే మనిషికి. అనంతపురం వైపు బుడ్డలనే ఆ పల్లీలను విత్తేదీ ఆమే, బడి ముందు నిలబడేదీ ఆమే. రెండు చోట్లా చివర చెయ్యేసినవాడి పేరు మిగులుతుంది. మొదట చెయ్యేసినామె పేరు దారిలోనే రాలిపోతుంది.

జడ్డిగం దగ్గర

అనంతపురం పీఠభూమికి రెండు వానలూ దూరపు చుట్టాలే. నైరుతి పడమటి కనుమలు దాటి వచ్చేసరికి వట్టిపోతుంది. ఈశాన్యం కోస్తా నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల పైచిలుకు. సగటన్న మాటకు ఇక్కడ పెద్ద అర్థం లేదు. నాలుగు రోజుల్లో కుమ్మరించి మిగతా కాలమంతా మొహం చాటేసిన ఏళ్లు కొల్లలు. ఎర్రనేల, లోతు తక్కువ. ఇందులో మొండికేసి నిలబడిన పంట వేరుశనగ. దేశంలో మరే జిల్లాలోనూ లేనంత మేర ఇక్కడ వేసిన రోజులున్నాయి. కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిన కె-6 రకం ఈ జిల్లా దాటి చాలా రాష్ట్రాలకు పాకింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలింది. కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. కరువు మాత్రం చీలలేదు, రెండింటికీ పూర్తిగానే దక్కింది.

తొలకరికి పదును చూసి గొర్రు కడతారు. ఎడ్లను తోలేది మగవాడు. వెనకే నడుస్తూ జడ్డిగంలోకి గింజ వదిలేది ఆడమనిషి. ట్రాక్టరు గొర్లు వచ్చాక ఈ దృశ్యం తగ్గింది గానీ, చిన్న కమతాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ వదలడంలోనే సగం పంట ఉంది. పిడికిలి వదులైతే మొక్కలు ఒత్తుగా లేచి ఒకదాని నీళ్లు ఒకటి తాగేస్తాయి. బిగిస్తే సాలులో బోసులు పడతాయి. గింజకూ గింజకూ నడుమ బెత్తెడు ఎడం పడేట్టు, ఎద్దు నడకకు తగ్గట్టు వేళ్లు ఆడాలి. ఆ విత్తనాలు అంతకు వారం ముందు ఒలిచింది కూడా ఆమే. ఒలిచేటప్పుడే ముక్కు విరిగినవీ పైపొర ఊడినవీ వేరు చేసి చట్నీకి తీసేసింది, తోలు చిట్లిన గింజను నమ్ముకుని సాలు పెట్టలేరు కాబట్టి. తర్వాత కలుపు. ఊడలు దిగే వేళకు ఒక్క వాన కోసం ఆకాశం చూడటం, అది ఇంటిల్లిపాదికీ ఉన్న పనే. ఆ తర్వాత చెట్టు పెరకడం, ఓదెలేయడం, కాయ కోయడం.

ఇంత పనిలో ఎవరి పేరు కాగితం ఎక్కింది? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో నూటికి సుమారు 14 కమతాలే ఆడవాళ్ల పేరున ఉన్నాయి. పుట్టింటి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది 1986లో. కేంద్రం ఆ పని చేసింది 2005లో. చట్టం ముందే వచ్చిన రాష్ట్రంలోనూ పట్టాదారు పాస్‌పుస్తకం మీద పేరు ఎక్కువగా నాన్నదో భర్తదో కొడుకుదో. అంటే బస్తా కళ్లం దాటకముందే మొదటి పేరు మారిపోయింది.

రెండో పేరు యార్డు దగ్గర మారుతుంది. ఆదోనికో, సరిహద్దు దాటి చెళ్లకెరెకో వెళ్లిన కాయ అక్కడ వేరే ఊళ్ల కాయతో కలుస్తుంది. మిల్లులో మళ్లీ కలుస్తుంది. కొనే వ్యాపారికి మాత్రం ఏ కుప్ప ఎక్కడిదో బాగా తెలుసు. నాలుగు కాయలు చిదిపి, గింజ నిండు చూసి, తేమ చూసి, ఏ ప్రాంతపు సరుకో పసిగట్టి ధర కడతాడు. పుట్టిన చోటును బట్టి ధర కట్టడం బజారుకు కొత్త కాదు. ఆ సమాచారం తినేవాళ్ల దాకా రాదు, అంతే.

చట్టానికి పుట్టుకంటే సరిహద్దు

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2020లో కొత్త లేబులింగ్ నిబంధనలు వచ్చాయి. ప్యాకెట్ బరువులు, కొలతలు, ధరల సంగతి తూనికలు కొలతల శాఖ 2011 నిబంధనలు చూసుకుంటాయి. ఈ రెండూ కలిపి చదివితే తేలేది ఒకటే. తయారీదారు లేదా ప్యాకర్ పేరూ చిరునామా తప్పనిసరి, దిగుమతి సరుకైతే దేశం పేరు తప్పనిసరి. దేశంలో పండిన దానికి రాష్ట్రం, జిల్లా చెప్పాలన్న నియమం లేదు. 2020లో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చినప్పుడు పుట్టిన దేశం పేరు మీద ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. అప్పుడు అందరి దృష్టీ చైనా మీద ఉంది. చేను మీద ఎవరికీ లేదు.

ఆ దేశం పేరులోనూ ఒక మెలిక ఉంది. ఆహారపదార్థం ఇంకో దేశంలో ప్రాసెసింగ్ జరిగి స్వభావం మారితే, ఆ ప్రాసెసింగ్ జరిగిన దేశమే దాని పుట్టిన దేశమని నిబంధన. మళ్లీ చివరి చెయ్యే. ఇండోనేషియా, మలేషియా తోటల్లో పండిన పామాయిల్ ముడి నూనెగా ఓడల్లో వస్తుంది. కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీల్లో తేరుకుని, అక్కడి చిరునామా వేసుకుని, అనంతపురం పల్లెలోని కిరాణా కొట్టులో వేలాడుతుంది. రాగి సంగటిలోకి ఊరుబిండి నూరుకునే ఊళ్లో, బుడ్డలు పండించిన ఇంట్లోనే, తాలింపులోకి వచ్చే నూనె అది. పండించిన బుడ్డలు అప్పుకింద అమ్ముడుపోయాయి, గానుగ నూనె ధర అందడం లేదు. రెండు నూనెలు కలిపి అమ్మితే ఏది ఎంత శాతమో రాయాలని మాత్రం నిబంధన గట్టిగా ఉంది. ఎంతో చెప్పాలి, ఎక్కడిదో అక్కర్లేదు.

అలాగని మన వ్యవస్థకు ఆనవాలు పట్టడం చేతకాదనుకోవద్దు. మే నెలాఖరున సబ్సిడీ విత్తనకాయలు పంచేటప్పుడు బస్తాకు కుట్టిన నీలం ట్యాగు చూడండి. 1966 నాటి విత్తన చట్టం పుణ్యమా అని ఆ ట్యాగు మీద రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ అన్నీ ఉంటాయి. వేరుశనగ అయితే నూటికి కనీసం 70 గింజలు మొలవాలి. ఆ లాట్ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే విత్తనం కట్టిన చోటు దాకా చేరవచ్చు. ఎగుమతి వైపు చూస్తే, వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా వాళ్ల పీనట్.నెట్ ఉంది. యూరప్‌కు వెళ్లే పల్లీ ఏ షెల్లింగ్ యూనిట్‌లో ఒలిచారో, ఏ గోదాములో ఉంచారో, అఫ్లటాక్సిన్ పరీక్ష ఎక్కడ చేశారో అందులో నమోదు కావాలి. బూజు విషం మోతాదు దాటితే అక్కడి రేవులోనే ఆపేస్తారని ఈ జాగ్రత్త. రైతు కొనే కాయకు జాతకం ఉంది, విదేశీయుడు తినే కాయకు జాతకం ఉంది. రైతు మనకోసం అమ్మిన కాయకే లేదు. చేతకాక కాదు, అడిగినవాళ్లు లేక.

అడిగిన దేశాల్లోనూ కథ సాఫీగా నడవలేదు. అమెరికా 2002 వ్యవసాయ చట్టంలో మాంసం, చేపలు, పండ్లు, కూరగాయలతో పాటు వేరుశనగకూ పుట్టిన దేశం పేరు తప్పనిసరి చేసింది. పశుమాంసం, పంది మాంసం మీద ఈ నియమం తమ ఎగుమతులకు దెబ్బని కెనడా, మెక్సికో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి గెలిచాయి. ప్రతీకార సుంకాల భయంతో 2015 డిసెంబరులో అమెరికా ఆ రెండింటికీ నియమం ఎత్తేసింది. వేరుశనగకు ఉంచింది. అయితే పచ్చి పల్లీకే. వేయించితే అది ప్రాసెస్డ్ ఆహారం, దేశం పేరు అక్కర్లేదు. మూకుట్లో నాలుగు తిప్పులు తిప్పితే పుట్టిల్లు చెరిగిపోతుందన్నమాట. యూరప్‌లో ఆలివ్ నూనెకు 2009 నుంచి పుట్టిన చోటు రాయడం తప్పనిసరి. పలు దేశాల నూనె కలిపితే కలిపామనే రాయాలి.

మన దగ్గర పుట్టిన చోటుకు గౌరవం దక్కే దారి ఒకటుంది, భౌగోళిక గుర్తింపు. 1999 చట్టం. ఈ పీఠభూమి నుంచి ధర్మవరం పట్టుకు దక్కింది. నిమ్మలకుంట కళాకారులు చేసే తోలుబొమ్మలకు ఆంధ్రప్రదేశ్ పేరు మీద దక్కింది. పక్కన బనగానపల్లె మామిడికి 2017లో వచ్చింది. అది పేరు కాపాడుతుంది గానీ పేరు లేని సరుకుకు పేరు పెట్టదు. పైగా దాని హద్దులు దానికున్నాయి. తిరుపతి లడ్డూకు 2009 నుంచి ఆ గుర్తింపు ఉంది. లడ్డూ ఎక్కడ తయారవుతుందో దానివల్ల లోకానికి తెలుసు. 2024 సెప్టెంబరులో రాష్ట్రం అట్టుడికింది మాత్రం అందులో పోసే నెయ్యిలో ఏముంది, అది ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న మీద.

తిండి దగ్గర పేరు అడగడం అన్నిసార్లూ అమాయకమైన పని కాదు కూడా. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారి పొడవునా హోటళ్లవాళ్లు యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని ఆదేశాలొచ్చాయి. సుప్రీంకోర్టు వాటిని నిలిపేసింది. ఏం వండుతున్నారో చెబితే చాలు, ఎవరన్నది చెప్పమని బలవంతపెట్టకూడదంది. అక్కడ పేరు అడిగింది కొనకుండా ఉండటానికి. చేను పేరు అడిగేది దానికి తగిన ధర కట్టడానికి. రెండూ చీటీలే అయినా నేను ఒకే గాటన కట్టలేను.

చీటీ తిరగరాసిన వాళ్లు ఈ నేల మీదే ఉన్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్లు బీడు నేలను అడవిగా మార్చడంతో ఆగలేదు. ధరణి పేరుతో రైతుల సహకార సంఘం పెట్టి కొర్రలు, సామలు, వేరుశనగ తామే కొని, తామే ఆడించి, తమ పేరుతోనే అమ్ముతున్నారు. పంట సేంద్రియమా కాదా అన్నది తేల్చేందుకు అక్కడ నడిచేది రైతులు ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. పెద్ద సర్టిఫికెట్ కంపెనీల ఫీజు చిన్న రైతు మోయలేడు. పక్క చేనువాడి కళ్లు కప్పడమూ అంత తేలిక కాదు. 2017 సేంద్రియ ఆహార నిబంధనల్లో ఈ పద్ధతికి గుర్తింపు దక్కింది. ఆ పక్కనే మహాశక్తి పేరుతో ఆడవాళ్ల పొదుపు సంఘాల సమాఖ్య. అక్కడ అప్పు ఎవరికి ఇవ్వాలో, ఎందుకివ్వాలో తేల్చేది వాళ్లే.

చీనీకాయకు అలాంటి అదృష్టం లేదు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయల్దేరినప్పుడు పచ్చజెండాలు, ఫొటోలు, మొదటి పేజీ. బండి దిగిన కాయ అక్కడి ఆజాద్‌పూర్ మార్కెట్లో మోసంబి అయింది.

లెక్క రెండుసార్లు తప్పింది

2019 ఎన్నికల ముందు చంద్రబాబు ప్రభుత్వం పసుపు-కుంకుమ కింద డ్వాక్రా మహిళలకు తలా 10 వేలు ఇచ్చింది. ఏప్రిల్ 11న ఓటింగ్ యంత్రాలు చాలాచోట్ల మొరాయించి పోలింగ్ రాత్రి దాకా సాగింది. చీకట్లోనూ ఆడవాళ్లు వరస వదల్లేదు. చెక్కు రుణం తీర్చుకోవడానికే అంతసేపు నిలబడ్డారన్న విశ్లేషణ మర్నాటికల్లా తయారైంది. ఫలితాల్లో తెలుగుదేశానికి వచ్చినవి 23 స్థానాలు.

ఐదేళ్ల తర్వాత అదే లెక్క పార్టీ మార్చుకుంది. ఈసారి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వ పథకాలు, అమ్మఒడి, ఆసరా, చేయూత. 2024 మే 13న మగవాళ్లు సుమారు 1.64 కోట్ల మంది ఓటేస్తే ఆడవాళ్లు 1.69 కోట్ల మంది వేశారు. ఆ తేడా చూపించి, బటన్ నొక్కి ఖాతాల్లో వేసిన డబ్బు మాట్లాడిందని, ఇది సైలెంట్ ఓటని మూడు వారాల పాటు చర్చలు నడిచాయి. జూన్ 4న వైఎస్సార్‌సీపీ చేతిలో మిగిలినవి 11.

ఉమ్మడి అనంతపురం జిల్లా అంకెలు ఇంకా సూటిగా ఉంటాయి. 14 స్థానాల్లో 2014లో తెలుగుదేశానికి 12. 2019లో వైఎస్సార్‌సీపీకి 12. 2024లో తెలుగుదేశం, బీజేపీ కలిసి మొత్తం 14. ఇలా తిప్పి తిప్పి కొట్టిన ఓటర్లను ఎవడో ఒకడు కొనేశాడని ఎలా అనగలం? కొన్నవాడెవడికీ సరుకు చేతికందలేదు మరి.

సూత్రం రెండుసార్లు తప్పితే పక్కన పెట్టాలి. పెట్టలేదు. 2024 తర్వాత వినిపించిన మాట, అవతలివాళ్లు ఇంకా ఎక్కువ ఇస్తామన్నారు కదా అని. తెలుగుదేశం ప్రకటించిన సూపర్ సిక్స్ హామీల్లో ఆడవాళ్లకు నెలకు 1,500, మూడు సిలిండర్లు, ఉచిత బస్సు. గెలిస్తే తీసుకున్నందుకు వేశారు, ఓడితే ఇంకొకరు ఇస్తామన్నందుకు వేశారు. ఏ ఫలితానికైనా సరిపోయే కారణం కారణమే కాదు.

డబ్బు ప్రభావం లేదనడం లేదు. అమ్మఒడి కింద ఖాతాలో పడిన 15 వేలతో బడి ఫీజు కట్టిన ఇల్లు దాన్ని మర్చిపోదు, మర్చిపోవాల్సిన పనీ లేదు. నాకు గుచ్చుకునేది వేరు. రైతు భరోసా కింద 13,500 అందుకున్న మగవాడికి అది పెట్టుబడి సాయం. అతను ఓటు వేస్తే నీళ్లు, ధర, బీమా చూసుకుని వేశాడంటారు. అతని భార్యకు అందితే అది తాయిలం. ఇద్దరూ ఒకే బోరుకు అప్పు చేసినవాళ్లు. మగ ఓటు ఎటు అన్న శీర్షిక నేను ఏ పత్రికలోనూ చూడలేదు. మగవాళ్ల ఓటును కులంగా, ప్రాంతంగా, ముఠాగా, వృత్తిగా నూరు ముక్కలు చేసి చదువుతారు. ఆడవాళ్లది మాత్రం ఒకే మూట.

మూట విప్పి చూడటానికి అధికారిక ఆధారమూ లేదు. పోలింగ్ కేంద్రంలో ప్రిసైడింగ్ ఆఫీసర్ డైరీలో ఎంతమంది మగవాళ్లు వచ్చారు, ఎంతమంది ఆడవాళ్లు వచ్చారు అన్నది రాస్తారు. ఏ బటన్ ఎవరు నొక్కారన్నది యంత్రానికి తెలియదు, తెలియకూడదు. అంటే ఆడవాళ్లు ఎంతమంది వచ్చారన్నది లెక్క, ఎవరికి వేశారన్నది సర్వే అంచనా, లేదా స్టూడియోలో కూర్చున్నాయన ఊహ. తెర మీద ఈ మూడూ ఒకే సైజు అక్షరాల్లో వస్తాయి.

ఫలానావాడి భార్య

ఈ జబ్బు పత్రికలతో పుట్టింది కాదు. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాయడానికి ఇల్లిల్లూ తిరిగినప్పుడు, చాలామంది ఆడవాళ్ల పేర్ల చోట ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని రాసుకొచ్చారు. సొంత పేరు పరాయి మగవాడికి చెప్పే అలవాటు ఆ ఇళ్లలో లేదు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. పేరు చెప్పని ఎంట్రీలు కొట్టేయమన్నాడు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు ఆ ఎన్నికల్లో ఓటు లేకుండా మిగిలారు. కటువైన పనే. కానీ ఆయన మొండితనం వల్లే తర్వాతి జాబితాల్లోకి ఆడవాళ్లు సొంత పేర్లతో వచ్చారు. 1962లో మగవాళ్లు నూటికి 63 మంది ఓటేస్తే ఆడవాళ్లు 47 మంది దాకా వేశారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఆడవాళ్ల శాతం మగవాళ్లను కాస్త దాటింది, 2024లోనూ దాటే ఉంది.

శాతం దాటింది, వర్ణన దాటలేదు. పరిటాల సునీత సంగతే చూడండి. 2005 జనవరిలో భర్త హత్యకు గురయ్యాక రాజకీయాల్లోకి వచ్చారు. అదే ఏడాది పెనుకొండలో, తర్వాత 2009, 2014, 2024లో రాప్తాడులో గెలిచారు, మంత్రిగా చేశారు. నాలుగు గెలుపుల తర్వాత కూడా ఆవిడ గురించి వార్త మొదలయ్యేది చాలాసార్లు భర్త పేరుతోనే. వారసత్వంతో వచ్చిన మగ ఎమ్మెల్యేలు ఈ జిల్లాలో తక్కువేం కాదు. రెండోసారి గెలిచేసరికి వాళ్లకు ఆ ట్యాగు ఊడిపోతుంది.

పేరు మార్చేయడంలో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ సారా ఉద్యమం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో పాఠం చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోసమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. వేలం పాటలు ఆగిపోయాయి. పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, ఆ ఉద్యమాన్ని నెలల తరబడి మోశాయి. ఆ మేలు మర్చిపోకూడదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1994 చివర ఎన్టీఆర్ మద్య నిషేధం మాటిచ్చి 216 స్థానాలతో గెలిచారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. అప్పుడాయన హిందూపురం ఎమ్మెల్యే, ఈ జిల్లా ప్రతినిధి. చరిత్ర పుస్తకంలో ఇప్పుడు ఆ నిషేధం ఎన్టీఆర్ సంతకం. 1997లో దాన్ని సడలించింది చంద్రబాబు నిర్ణయం. మొదట దుకాణం ముందు కూర్చున్నవాళ్లు మహిళా లోకం. మళ్లీ పండించినవాళ్లకు గుంపు పేరు, ప్యాకెట్ కట్టినవాడికి సొంత పేరు.

జిల్లా పేజీ దాటని వార్త

ఎన్నికలప్పుడు పల్లెకు వచ్చే మైకు అడిగేది దాదాపు ఒకటే. అమ్మా, పథకాలు అందినాయా? అందినాయ్ నాయనా అని జవాబొస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు నిజమైన జవాబు అదే. ఆ ముక్క తెర మీద తిరుగుతుంది. బుడ్డలకు రేటెంత పలికింది, బోరు ఎన్ని అడుగులకు పోయింది, హంద్రీ-నీవా కాలువ నీళ్లు మీ చెరువుకు వచ్చాయా, మగాయన బెంగళూరు నుంచి ఎన్నాళ్లకోసారి వస్తాడు, ఆయన లేనప్పుడు సొసైటీలో అప్పు ఎవరు తెస్తారు అని అడిగితే వేరే జవాబులొస్తాయి. 2024-25కు కేంద్రం వేరుశనగకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783. ఆ అంకె గురించి కలుపు తీసే ఆవిడకు అభిప్రాయం ఉండదని ఎవరనుకున్నారో తెలియదు.

ఇవన్నీ తెలియక అడగడం లేదని కూడా అనలేం. మండల విలేకరికి తెలుసు. ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన రోజు, విత్తనకాయల కోసం తెల్లవారుజాము నుంచి వరసలో చెప్పులు పెట్టిన రోజు, పంట బీమా రాలేదని బ్యాంకు ముందు కూర్చున్న రోజు ఆయన రాస్తూనే ఉంటాడు. పాస్‌పుస్తకం భర్త పేరున ఉన్నా ఆ వరసలో నిలబడింది ఎవరో ఫొటోలోనే కనిపిస్తుంది. 1989లో ఈనాడు జిల్లా పత్రికలు మొదలుపెట్టాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. పల్లె వార్తకు అంతకుముందు లేని చోటు దొరికింది. ఈ మేలులోనే చిక్కు కూడా ఉంది. ఆమె బిందె, ఆమె బోరు, ఆమె బీమా జిల్లా పేజీలో పడతాయి. ఆమె ఓటు ఒక్కటే రాష్ట్ర పేజీకి వెళ్తుంది. వెళ్లేటప్పుడు ఊరి పేరు ఊడిపోయి మహిళా ఓటు అయిపోతుంది, చెళ్లకెరె లారీ ఎక్కిన కాయలాగే. అనంతపురం జిల్లా పేజీ గుంటూరు పాఠకుడి ఇంటికి రాదు. విజయవాడలో చర్చకు కూర్చునే విశ్లేషకుడి బల్ల మీదికి కూడా రాదు. తెప్పించుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు.